నాటే మొక్కకు పద్దు ఉంది, పెరిగిన చెట్టుకు లేదు: మా కాలనీ వీధి చెట్లతో నా అనుభవం

మా కాలనీ వీధుల్లో చెట్లు ఎన్ని ఉన్నాయో 2022 వేసవి వరకు ఎవరికీ తెలియదు. నల్లా కనెక్షన్లు ఎన్నో, కరెంటు స్తంభాలు ఎన్నో, ఆఖరికి వీధికుక్కలు సుమారు ఎన్నో చెప్పగలిగిన మా సంక్షేమ సంఘం కార్యదర్శి కూడా చెట్ల లెక్క అడిగితే "ఉంటయి సార్, ఒక వందో రెండు వందలో" అని ఊరుకున్నారు. స్థానిక సంస్థల లెక్కలు తనిఖీ చేసే ఆడిట్ ఉద్యోగంలో ముప్పై ఏళ్లకు పైగా గడిపి రిటైరైన నాకు ఆ "వందో రెండు వందలో" అన్న మాట చెవిలో జోరీగలా చాలా రోజులు వదల్లేదు.

మాది హైదరాబాదుకు బస్సులో రెండు మూడు గంటల దూరంలో ఉన్న ఒక మున్సిపల్ పట్టణం. ఊరి పేరు చెప్పడం ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే నేను చూసినది ఒక్క ఊరి తప్పు కాదని నా నమ్మకం.

చెట్ల ప్రస్తావన రావడానికి కారణం ఆ ఏడాది మే చివర్లో వచ్చిన గాలిదుమారం. రెండో వీధి మలుపులో ఉన్న పెద్ద నిద్రగన్నేరు కొమ్మ ఒకటి విరిగి, కింద ఆపి ఉన్న ఆటో మీద పడింది. డ్రైవరు టీ తాగడానికి ఎదురు కొట్టుకు వెళ్లి ఉండటం వల్ల ప్రాణాపాయం తప్పింది. మర్నాడు ఆ కొమ్మను ఎవరు తీయాలన్న ప్రశ్న వచ్చింది. మున్సిపల్ ఆఫీసులో అడిగితే అది తాము నాటిన చెట్టు కాదన్నారు. కరెంటు ఆఫీసులో అడిగితే తీగ మీద పడితేనే తమ పని అన్నారు. అటవీ శాఖ వారు చెట్టు కొట్టడానికి అనుమతి ఇవ్వడం వరకే తమ బాధ్యత అని మర్యాదగానే చెప్పారు. నాలుగు రోజులు అలాగే పడి ఉన్న కొమ్మను చివరకు వీధి చివరి హోటల్ యజమాని పొయ్యిలోకి కొట్టించుకుపోయాడు. ఆటో అద్దానికి, పైకప్పు రేకుకు అయిన 6,800 రూపాయలు మాత్రం సంఘం భరించింది. చెట్ల పద్దు కింద మా సంఘం రాసిన మొదటి ఖర్చు అదే, అది కూడా చెట్టుకు పెట్టినది కాదు.

జూన్‌లో మూడు ఆదివారాలు తెల్లవారుజామునే లేచి చెట్లన్నీ లెక్కపెట్టాం. పక్కింటి అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి, ఆమె రిజిస్టరు పట్టుకుని రాసేది. నేను దర్జీ టేపుతో ఛాతీ ఎత్తున కాండం చుట్టుకొలత తీసేవాణ్ణి. కార్యదర్శి పసుపు రంగు పెయింటుతో నంబరు వేసేవారు. మొత్తం 187 తేలాయి: కానుగలు 58, వేపలు 41, కోనోకార్పస్ 31, పచ్చతురాయి 22, నిద్రగన్నేరు 9, మిగతా 26లో రావి, బాదం, ఏడాకులపాల, నరమామిడి వగైరా. లెక్క తేలినందుకు సంతోషించాను గానీ, ప్రతి చెట్టు ఎదుట రెండు నిమిషాలు నిలబడవలసి రావడం వల్ల అంతకుముందు ఇరవై ఏళ్లు అదే దారిలో నడిచినా కళ్లబడని సంగతులు కళ్లబడ్డాయి.

187లో 112 చెట్లకు మొదలు దాకా సిమెంటు పోసి ఉంది. పదిహేడు కానుగలు తమకు రక్షణగా పెట్టిన ఇనుప ట్రీ గార్డులలోనే ఇరుక్కుపోయాయి. 43వ నంబరు కానుగ నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదులుతుంది. రాష్ట్ర ప్రభుత్వ మొక్కల పథకం హరితహారం మొదటి రెండు మూడేళ్లలో నాటిన మొక్క అది. ఎవరో శ్రద్ధగా నీళ్లు పోస్తే ఏపుగా పెరిగింది. గార్డు తీయవలసిన వయసు వచ్చినప్పుడు మాత్రం ఎవరూ రాలేదు. బెరడు అడ్డ చువ్వలకు ఒరుసుకుని, వాపు వచ్చిన వేలికి ఉంగరంలా బిగిసి, రెండు చోట్ల ఇనుము పూర్తిగా చెక్క లోపలికి వెళ్లిపోయింది. వెల్డింగు అబ్బాయి వచ్చి చువ్వలు కోస్తున్నప్పుడు తడిగుడ్డ చుట్టి బెరడు కాలకుండా చూశాం. లోపలికి పోయిన ముక్కలను లాగితే చెట్టు చీలుతుందని అలాగే వదిలేశాం. 64వ నంబరు వేప నుంచి తీసిన మేకులు, ట్యూషన్ బోర్డుల తీగలు, స్టేపుల్ పిన్నులు కిరాణా కొట్టు కాటాలో వేస్తే 640 గ్రాములు తూగాయి.

తెలంగాణలో హరితహారం 2015 జులైలో చిలుకూరులో మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నది దాని లక్ష్యం. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి మున్సిపాలిటీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే బాధ్యుల మీద చర్య ఉంటుందని చెప్పింది. ఆ తర్వాత హరిత నిధి అని ప్రత్యేక నిధి కూడా వచ్చింది. దానికి ప్రభుత్వ ఉద్యోగుల జీతాల నుంచి నెలకు 25 రూపాయలు, ఆస్తుల రిజిస్ట్రేషన్ సమయంలో 50 రూపాయలు జమ చేసే ఏర్పాటు చేశారు. అంటే డబ్బు లేదని ఎవరూ అనడానికి వీల్లేదు. మరి ఆ డబ్బు నా 43వ నంబరు కానుగ దాకా ఎందుకు రాలేదు?

ఆ ప్రశ్నకు జవాబు కోసం పది రూపాయల స్టాంపు అంటించి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. గడువు ముప్పై రోజులు. ఇరవై ఏడో రోజు సమాధానం వచ్చింది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో పచ్చదనం పద్దు కింద ఏమేమి ఖర్చు చేశారో అందులో వరుసగా ఉంది: మొక్కల కొనుగోలు, గుంతల తవ్వకం, ఎర్రమట్టి, ట్రీ గార్డులు, ట్యాంకరు నీళ్లు, నర్సరీ కూలీలు, డివైడర్ల మధ్య పూలమొక్కలు, పార్కులు. నాటి పదేళ్లు దాటిన వీధి చెట్ల నిర్వహణకు ఎంత ఖర్చు చేశారన్న నా ఆఖరి ప్రశ్నకు ఎదురుగా ఒకే మాట ఉంది: నిల్.

దాన్ని చూసి కోపం రావలసింది గానీ, నిజం చెప్పాలంటే సిగ్గు వేసింది. ఉద్యోగంలో ఉండగా ఇలాంటి పద్దులు నేనే పదుల సంఖ్యలో తనిఖీ చేశాను. ట్రీ గార్డులు ఎన్ని కొన్నారు, కొటేషన్లు మూడు ఉన్నాయా, స్టాకు రిజిస్టరులో ఎక్కించారా అని రాశానే తప్ప, ఆ గార్డులను ఎప్పుడు తీస్తారని ఒక్క అభ్యంతరంలోనూ రాయలేదు. లెక్కల్లో కొన్న వస్తువు కనిపిస్తుంది, దాన్ని కనిపెట్టి ఉండే పని కనిపించదు. మొక్క నాటినప్పుడు ఫొటో ఉంటుంది, జియోట్యాగ్ ఉంటుంది, ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) కొలత ఉంటుంది. పన్నెండేళ్ల చెట్టుకు చేయవలసిన పనిని ఎం-బుక్‌లో ఏ కొలమానంతో ఎక్కించాలో చాలామంది ఏఈలకు (అసిస్టెంట్ ఇంజనీర్లకు) తెలియదు. తెలియని పనికి అంచనా వేయరు, అంచనా లేని పనికి పైసా విడుదల కాదు.

ఇంకో విచిత్రం ఉంది. మున్సిపాలిటీ ఆస్తుల రిజిస్టరులో వీధిదీపం స్తంభం ఉంటుంది, బోరు మోటారు ఉంటుంది, చెట్టు ఉండదు. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే పై వంతెనల కోసం చెట్లు కొట్టే కేసులో సుప్రీంకోర్టు వేసిన నిపుణుల కమిటీ 2021లో ఒక చెట్టు విలువను ఏడాదికి 74,500 రూపాయలుగా లెక్కకట్టింది. ఆ లెక్క ఎక్కువా తక్కువా అన్న చర్చ వేరు. మా మున్సిపాలిటీ లెక్కలో మాత్రం అది సున్నా, కాబట్టి దాన్ని కాపాడటానికి పెట్టవలసిన ఖర్చు కూడా సున్నా.

రిజిస్టరు జిరాక్సు, సమాధానం ప్రతి, ఫొటోలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఎన్నిసార్లు వెళ్లానో, ఎవరెవరు సీట్లో లేరో రాస్తే అదే ఒక పుస్తకమవుతుంది, పైగా అందరికీ తెలిసిన కథే. చివరకు పచ్చదనం పనులు చూసే అధికారి ఒకరు సూటిగా చెప్పారు. "మీ కాలనీకి వేయి మొక్కలు కావాలంటే రేపు పంపిస్తా సార్. కొమ్మలు కొట్టించడానికి మాత్రం నా దగ్గర పద్దు లేదు." ఆయన మాటలో తప్పించుకునే ధోరణి లేదు, అది ఉన్న సంగతి. ఆయనే ఒక దారి కూడా చూపించారు. కాలనీ వాళ్లు కూలీ పెట్టుకుంటే మున్సిపాలిటీ రాతపూర్వకంగా అనుమతి ఇస్తుంది, నరికిన కొమ్మలను తమ ట్రాక్టరు ఎత్తుతుంది, నిచ్చెన చేరని పెద్ద చెట్లకు వీధిదీపాల బండి వారానికి ఒక పూట ఇస్తుంది. సొంతంగా గొడ్డలి పట్టుకుంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద చిక్కుల్లో పడతామని హెచ్చరించింది కూడా ఆయనే.

ఇక డబ్బు. కాలనీలో 240 ఇళ్లు ఉన్నాయి. చెట్లన్నీ ఒకే ఏడాది చేయించనక్కర్లేదని, నాలుగేళ్లకు ఒక విడత చొప్పున ఏడాదికి 47 చెట్లు చూస్తే చాలునని లెక్క వేశాను. కొమ్మలు ఎత్తించే ఖర్చుతో కలిపి చెట్టుకు సగటున 1,500 రూపాయలు అడిగారు. అంటే 70,500. ఇంటికి ఏడాదికి 300 చొప్పున వసూలైతే 72,000 వస్తుంది. కాగితం మీద బ్రహ్మాండంగా సరిపోయింది.

సర్వసభ్య సమావేశంలో ఆ కాగితం పది నిమిషాలు కూడా నిలవలేదు. ఒకరికి రోజూ ఆకులు ఊడ్వలేక నడుం పోతోంది, చెట్టే వద్దు. ఒకరికి సింహద్వారానికి ఎదురుగా చెట్టు ఉండటం వాస్తు దోషం. మందుల దుకాణం ఆయనకు బోర్డు కనిపించడం లేదు. ఒక పెద్దాయన మాత్రం లేచి నిలబడి, "ఇంటి పన్ను కడుతున్నాం గదా, రోడ్డు మీది చెట్టుకు మళ్ల చందా ఏంది?" అన్నారు. తక్కిన వాటికి జవాబులు చెప్పగలిగాను గానీ, దీనికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఆయన అన్నది న్యాయమైన మాట. చందా వసూలు చేసి చెట్లను చూసుకునే పద్ధతిలో చందా ఇవ్వగలిగిన కాలనీలో చెట్లు బాగుంటాయి, రైల్వే గేటు అవతలి బస్తీలో ఉండవు. అది తెలిసే మొదలుపెట్టాం.

మా అమ్మాయి కుటుంబం ఉండే శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడా సరిగ్గా ఇదే తగవు నడిచిందని మరుసటి ఏడాది అక్కడికి వెళ్లినప్పుడు తెలిసింది. బడ్జెట్ చాలక ఆ నగరం వీధి చెట్ల బాధ్యతను ఎదురింటి యజమానులకు అప్పగిస్తూ పోయింది. ఇళ్లవాళ్లు కొందరు అడ్డదిడ్డంగా కొట్టించారు, కొందరు వదిలేశారు. చివరకు 2016 నవంబరు ఎన్నికల్లో ఓటర్లు ఒక ప్రతిపాదనను ఆమోదించి, ఏటా సుమారు 1.9 కోట్ల డాలర్లు నగర సాధారణ నిధి నుంచి వీధి చెట్లకే పక్కన పెట్టాలని శాసించారు. 2017 జులై నుంచి సుమారు 1,25,000 వీధి చెట్లు, వాటి వేళ్ల వల్ల లేచిపోయిన కాలిబాటల మరమ్మతు, రెండూ నగరం చేతికి వచ్చాయి. ఆ డాలర్ల అంకె చూసి నోరు తెరవడం దండగ, వాళ్ల కూలి రేట్లు వేరు. నన్ను ఆకట్టుకున్నది ఆ డబ్బు ఏటేటా బడ్జెట్ బేరసారాల్లోకి రాకుండా కట్టుదిట్టం చేయడం. మన పది శాతం కూడా అలాంటి ఏర్పాటే గానీ, అందులో మొక్కకెంత, చెట్టుకెంత అన్న విభజన లేదు.

చందా విషయానికి వస్తే 172 ఇళ్లు ఇచ్చాయి. 51,600 రూపాయలు. దుకాణాల వాళ్లు కలిసి 9,000 ఇచ్చారు, మందుల దుకాణం ఆయనతో సహా. సంఘం ఖాతాలో కలపకుండా విడిగా బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు తీసే నియమం పెట్టాను. ప్రతి ఖర్చు గుడి దగ్గరి నోటీసు బోర్డులో అంటించాను. మొత్తం 60,600తో నలభై చెట్లకు మించి కావనుకున్నాం గానీ, మున్సిపాలిటీ ట్రాక్టరు చెప్పినట్టే రావడం వల్ల చెట్టుకు 1,500 కాస్తా 900కు దిగింది. ఖర్చులో పెద్ద వాటా ఎత్తుడు కూలిదేనని అప్పటిదాకా నాకు తెలియదు. 47 చెట్లకు 42,300 పోగా మిగిలిన 18,300 సిమెంటు పగలగొట్టడానికి, గార్డులు కోయించడానికి ఉంచాం.

2023 జనవరి చివర్లో పని మొదలైంది. చెట్టెక్కడానికి వచ్చిన పెద్దాయన ఒకప్పుడు గీత కార్మికుడు, తాటిచెట్లు ఎక్కడం మానేసి ఈ పనిలోకి వచ్చారు. నడుముకు అదే మోకు. మా వాళ్లు రంపపు మిషను తెచ్చిన కుర్రవాళ్లను మెచ్చుకున్నారు గానీ, నేను ఆయన చేతి రంపాన్నే చూస్తూ నిలబడ్డాను. తొడంత లావున్న కానుగ కొమ్మను కోయడానికి ముందు మొదలుకు జానెడు దూరంలో కింది వైపు నుంచి మూడో వంతు మందం గాటు పెట్టారు. తర్వాత ఇంకాస్త బయటికి జరిగి పైనుంచి కోశారు. కొమ్మ బరువుకు ఫెళ్లుమని విరిగింది, చీలిక మాత్రం కింది గాటు దగ్గరే ఆగిపోయి కాండం బెరడు చెక్కుచెదరలేదు. చివరకు మిగిలిన మొండెను, కొమ్మ కాండంతో కలిసేచోట ముడతలు పడి ఉబ్బి ఉండే కట్టును ముట్టకుండా, దాని అంచు వెంట నున్నగా కోసేశారు. "గీ గడ్డ కోస్తే పుండు మానది సార్. దూరంగ కోస్తే మొండె మురుగుతది. ఇగ గిక్కడ్నే కోయాలె," అన్నారు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో ముద్ద పూయమని అధికారి చెప్పారని గుర్తు చేస్తే, "పూయుండ్రి, పోయేదేముంది" అని నవ్వారు. శుభ్రంగా కోసిన గాయం తనంతట తానే మూసుకుంటుందని ఆయన లెక్క. రెండేళ్ల తర్వాత చూస్తే పూసిన వాటికీ పూయని వాటికీ నాకు తేడా ఏమీ కనిపించలేదు.

ఈ నైపుణ్యం ఎంత అవసరమో కరెంటు సిబ్బంది వచ్చినప్పుడు తెలిసింది. ఏటా వానలకు ముందు వాళ్లు లైన్ వెంట కొమ్మలు కొడతారు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే తీగలో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, కరెంటు ఆపిన రెండు గంటల్లో వీధి మొత్తం తీగల వైపు ఉన్నదల్లా నరికి పోతారు. చెట్టు సగం బోడిగా, సగం గుబురుగా మిగిలి, బరువంతా ఒక పక్కకు వాలుతుంది. మా నిద్రగన్నేరు కొమ్మ అలా వాలినదే. లైన్‌మన్‌ను నిలదీయాలని వెళ్లాను. "రెండు గంటల ఎల్‌సీల ఇరవై చెట్లు సూడాలె సార్, ఒక్కొక్కదానికి సోకు చేసుకుంట కూసుంటే అయితదా?" అన్నాడు. అతని గడియారం అతనిది. మేము చేసిందల్లా 11 కేవీ తీగల కింద ఉన్న 39 చెట్ల నంబర్లు రాసిచ్చి, అతను ఎల్‌సీ తీసుకునే రోజు ముందుగా చెప్పేలా ఒప్పించి, అదే రెండు గంటల్లో మా పెద్దాయనను కూడా ఎక్కించడం. తీగ వైపు వాళ్లు తీస్తే, ఇవతల వైపు బరువు ఈయన సరిచేసేవారు. అసలు తీగల కింద నిద్రగన్నేరు, పచ్చతురాయి నాటిన వారిని అనాలి గానీ లైన్‌మన్‌ను అని ఏం లాభం? అక్కడ దేవగన్నేరో పారిజాతమో వేసి ఉంటే ఏటా ఈ నరుకుడే ఉండేది కాదు.

సిమెంటు సంగతి ఇంతకంటే కష్టమైంది. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ విషయంలో ఆదేశించింది. ఆ సంగతి లేఖలో ఉదహరించి అనుమతి సంపాదించాను. మా వీధుల్లో ఒక పక్క మోరీ, ఒక పక్క బండ్ల రాకపోకలు కాబట్టి చాలాచోట్ల రెండడుగులకు మించి సాధ్యపడలేదు. సుత్తి, ఉలితో కూలీలు ఒక్కో చెట్టుకు పూట పని చేశారు. డ్రిల్లింగు మిషను పెడితే వేళ్లు తెగుతాయని భయం. 112లో ఆ వేసవిలో 26 మాత్రమే పూర్తయ్యాయి. సిమెంటు పెళ్ల లేపితే కింద మట్టి బూడిదలా ఉండేది, వేళ్లు తేమ వెతుక్కుంటూ పెళ్ల అడుగునే చాపలా అల్లుకుని ఉండేవి.

జూన్‌లో మూడో వీధికి కొత్త సీసీ రోడ్డు మంజూరైంది. నేను ఊళ్లో లేని వారం రోజుల్లో పని జరిగిపోయింది. తిరిగివచ్చి చూస్తే మేము తవ్వించిన గుంతల్లో తొమ్మిదింటిని కాంట్రాక్టరు మిగిలిన కాంక్రీటుతో నింపి, పైన తాపీతో అందంగా నున్న చేయించాడు. అడిగితే, "గుంతలున్నయని లెవెల్ చేసినం సార్, మీకు మంచిగనే చేసినం" అన్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. అంచనా కాగితం తీయించి చూశాను. ఇన్ని మీటర్ల పొడవు, ఇంత వెడల్పు, ఇంత మందం అని ఉంది. చెట్టు దగ్గర వదిలిపెట్టాలన్న మాట ఎక్కడా లేదు. వదిలితే కొలత తగ్గుతుంది, కొలత తగ్గితే బిల్లు తగ్గుతుంది. ఏ కాంట్రాక్టరు వదులుతాడు?

ఈ మూడేళ్లలో నేను సాధించిన పని ఏదైనా ఉందంటే ఆ తర్వాత జరిగినదే. ఏఈ గారి దగ్గర రెండు నెలలు కూర్చుని, తరువాతి రోడ్డు అంచనాలో ఒక వాక్యం రాయించాను: ఉన్న ప్రతి చెట్టు చుట్టూ చెట్టుకు ఆనకుండా మట్టి గుంత వదిలి, అంచు రాయి కట్టాలి, దానికి రేటు ఇంత. అంచు రాయికి విడిగా డబ్బు వస్తుంది కాబట్టి కాంట్రాక్టరుకు గుంత వదలడం నష్టం కాకుండా పోయింది. ఐదో వీధి రోడ్డు వేసినప్పుడు ఎవరూ కాపలా ఉండకుండానే పద్నాలుగు చెట్లకు పద్నాలుగు గుంతలు మిగిలాయి. ఒక రోజు పొద్దున వెళ్లి అన్నిటినీ టేపుతో కొలిచి వచ్చాను, పాత అలవాటు.

అన్నీ ఇలా కుదరలేదు. 2022 వానల తర్వాత వేపలకు పైనుంచి కొమ్మలు ఎండిపోయే తెగులు వచ్చింది. ఆ రెండేళ్లు తెలంగాణ అంతటా వేపలు మాడిపోవడం చాలామంది చూసే ఉంటారు. ఒక శిలీంధ్రం, దానికి తోడు చిగుళ్ల రసం పీల్చే టీ దోమ కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. నలభై అడుగుల చెట్టుకు మందు కొట్టే యంత్రం మా దగ్గర ఎక్కడిది? ఎండిన కొమ్మలు తీయించి చూస్తూ ఉండిపోయాం. 41లో 38 ఉగాదికి మళ్లీ ఇగురు పెట్టాయి. ఆ చెట్లు చచ్చిపోయాయి, కొట్టేయండని ఫిర్యాదులు తెచ్చినవారికి రెండు నెలలు ఆగమని చెప్పడమే ఆ ఏడాది నేను చేసిన పెద్ద వైద్యం. కోనోకార్పస్ సంగతి వేరు. వాటిని నాటవద్దని ప్రభుత్వమే చెప్పిన తర్వాత ఆ 31 చెట్లకు కాలనీ డబ్బు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు, ఒక్కసారిగా తీసేస్తే ఆరో వీధి ఎండకు మాడిపోతుంది. ఏటా ఐదేసి తీసి వాటి స్థానంలో కానుగ, పొగడ పెడుతున్నాం.

నిద్రగన్నేరు కథ మాత్రం ముగిసింది. కొమ్మ విరిగిన చోట నీరు దిగి కాండం గుల్లబారింది. కొయ్య సుత్తితో తట్టితే ఒక పక్క డప్పులా మోగేది. అటవీ శాఖ వారు వచ్చి చూసి 2024 ఫిబ్రవరిలో కొట్టడానికి అనుమతి ఇచ్చారు, బదులుగా రెండు మొక్కలు నాటాలన్న షరతుతో. రోడ్డు విస్తరణకు కొట్టేయబోయిన చేవెళ్ల దారి మర్రులకైతే హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి పోరాడినవారు ఉన్నారు. మా చెట్టు కొట్టేసిన రోజు ఆటో డ్రైవరు వచ్చి కాసేపు నిలబడి వెళ్లాడు, అంతే. బదులు నాటిన రెండిట్లో ఒకటి మేకల పాలైంది, మళ్లీ నాటాం. ఈసారి పెట్టిన గార్డుకు తాళం లేని మడతబందులు వేయించి, తీయవలసిన తేదీ రేకు మీద పెయింటుతో రాయించాను.

కొట్టిన కలపను మున్సిపాలిటీ వేలం వేసి, వచ్చిన డబ్బును "ఇతర ఆదాయం" కింద జమ చేసుకుంది. చెట్టు నుంచి వచ్చిన పైసలు చెట్ల పద్దుకే చేరాలని లేఖ రాశాను. చెట్ల పద్దు అంటే మొక్కల కొనుగోలేనా అని వారు అడిగారు. కాదు, "ఉన్న వీధి చెట్ల నిర్వహణ" అని కొత్త ఉపపద్దు తెరవండి, మొదటి జమ ఇదే అవుతుందని మళ్లీ రాశాను. కౌన్సిల్ తీర్మానం కావాలన్నారు. మొన్న మూడోసారి లేఖ ఇచ్చి, తపాలా విభాగంలో ముద్ర వేయించి, రసీదు తెచ్చుకుని రిజిస్టరులో నిద్రగన్నేరు పేజీకి గుచ్చి ఉంచాను.